గోడకు కిటికీ

1955 ఫిబ్రవరి 22
శివరాత్రి పోయింది, చలి పోయింది. గవాచి మాత్రం తమ్ముడు ఓబుళేసు ఇంట్లోనే ఉంది.
ఇల్లు పంచుకున్ననాడు నడుమ గోడ పెట్టాము. మిద్దె కప్పులో గాలీ వెలుతురూ దిగే ఆ ఒక్క గవాచి బొక్క అవతల పడింది. పెద్దమనుషులు నోరెత్తలేదు. నేను పెద్దవాణ్ణి, వాడు తమ్ముడు. అన్నా, ఇది నువ్వు తీసుకో అని ఒక్క మాట అన్నాడా? లేదు. అప్పటి నుంచి మాటల్లేవు.
రాసేటప్పుడు ఒత్తులు సరిగ్గా రావు నాకు. ఎవరు చూస్తారులే.

ఫిబ్రవరి 25
మిద్దె పగుళ్లు పూడ్చాను. వంక కాడి చౌడు మన్ను తోలించి నా సగం వరకే పరిచాను. వాని సగం నెర్రెలు విచ్చి ఉంది. ఉండనీ.

ఫిబ్రవరి 27
ఎర్రగుంట్లలో సున్నం లేదు. అంతా కర్నూలుకు పోతోందట... రాజధాని ఆఫీసులకు వెల్ల వేయాలట. మా గోడలకు ఎండ చాలు.

మార్చి 2
పందిరి వేశాను. వాకిలికి వట్టివేళ్ల తడిక. పొద్దున్నుంచి నీళ్లు చల్లడమే పని. అయినా లోపల గది బట్టీ.
పోయిన ఎండాకాలం లక్షుమ్మకు వడదెబ్బ తగిలింది. చచ్చి బతికింది. మళ్లీ తగిలితే నిలవదు, గాలాడే చోట ఉంచండి అన్నాడు కడప డాక్టరు. ఆమెకు ఆ మాట చెప్పలేదు. పెండ్లాముకు అట్లాంటివి ఎట్లా చెబుతారు.

మార్చి 7
మా సగంలో కొత్త గవాచి కొట్టమని ఉప్పర మద్దిలేటిని పిలిచాను. ఎక్కి చూసి దిగాడు. దూలాలు పుచ్చినాయి, తాకితే మొత్తం కూలుతుందట.
"నడిమి గోడకు కిటికీ పెడితే ఆ గాలే ఈడికి వస్తాది పెద్దాయనా. గోడ ఇద్దరిదీ గదా. మీ తమ్మున్ని ఒక మాట అడుగు."
అడగాలట. నేను.

మార్చి 9
అడిగాను. వాణ్ణి కాదు, గోడను. మాటల్లేని ఇళ్లలో అట్లనే కదా. ఎనుమును కట్టేస్తూ గట్టిగా అన్నాను — ఓ గోడా, నీకు కిటికీ పెడితే ఎవరికన్నా నొప్పా?
అవతల దగ్గు. తర్వాత వాడూ గోడకే చెప్పాడు. "గోడా, నోరుండేటోడు నాతో మాట్లాడక నీతో యాల మాట్లాడతాండాడో కనుక్కో."
లక్షుమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మార్చి 12
మధ్యాహ్నం లక్షుమ్మ పొయ్యి ముందు కూలబడింది. కండ్లు తేలేసింది. ఓబుళేసు పెండ్లాం నాగమ్మ మజ్జిగ చెంబుతో పరిగెత్తి వచ్చింది. పగటిపూట అక్కను మా గవాచి కింద పండుకోబెడతా బావా, పొద్దుగూకినాక తెచ్చి దించుతా అంది.
వద్దన్నాను.
లక్షుమ్మ నా దిక్కు చూసింది. గోడకు తిరిగి పడుకుంది.

మార్చి 13
వద్దన్నది వద్దన్నదే.

మార్చి 15
లక్షుమ్మ అన్నం ముట్టలేదు. పెదాలు ఎండిపోయాయి. గోడకు తిరిగి పడుకునే అంది —
"నీ రోసం నాకొద్దు. గాలి గావల్ల. నువ్వు పోయి అడుగు, ల్యాకుంటే నన్ను అడగనీ."
పెండ్లయిన కాడి నుంచి నన్ను ఇట్లా ఎప్పుడూ అనలేదు.

మార్చి 18
పోయాను. వాని వాకిట్లోకి. తలకు చుట్టిన తువ్వాలు తీయలేదు.
వాడు మంచం మీంచి లేచాడు. జుట్టంతా నెరిసింది... గోడ అవతలి మనిషి, నేను చూడనే లేదు. కూసో అన్నాడు. కూర్చోలేదు.
"ఓబుళేసూ, నడిమి గోడకు కిటికీ పెడతా. మీ వదినకు గాలి ల్యాక పాణం పోతాంది. సరేనా, కాదా?"
వాడు తల వంచుకునే అన్నాడు.
"ఇన్నేండ్లకు వచ్చి అడిగేది ఇదొక్కటేనా, అన్నా?"
ఇంకేం అడగాలి నేను? ఏం అడుగుతానని కూర్చున్నాడు వీడు ఇన్నాళ్లూ?
ఉగాదికి గడువు పెట్టి వచ్చేశాను. నాగమ్మతో చెప్పి పంపితే ఒప్పుకోను. వాడే రావాలి, మా గడప తొక్కాలి, లక్షుమ్మ మంచం పక్కన నిలబడి ఆమె వింటుండగా చెప్పాలి — సరే అనో, కాదనో. ఉగాది పొద్దు మునిగే లోపల.