బూరుగు మళ్లీ కాసింది

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. మన పెరట్లో బూరుగు చెట్టు మళ్లీ కాయ కాసింది.

చౌటుప్పల్ రోడ్డు వెడల్పు చేసినప్పుడు అవతలి వైపునున్న ఇంకో బూరుగును కొట్టేశారు. ఆ తర్వాత మన చెట్టు ఏటా ఎర్రగా పూసేది, ఒక్క కాయా నిలవకుండా పూలన్నీ రాలిపోయేవి. పరుపులు, దిండ్లు కుట్టే నీకు కొన్న దూదే దిక్కయింది. ఒకరోజు నన్ను ఆ చెట్టు కింద నిలబెట్టి చూపించావు.

"గోరింకలు తేనె తాగేటప్పుడు వాట్ల తలకు పుప్పొడి అంటుకుంటది బిడ్డా. గది వేరే చెట్టుదైతెనే కాయ పడ్తది. గిప్పుడు వేరే చెట్టేది?"

ఇప్పుడు నువ్వున్న ఖబరస్తాన్ గోడ పక్కన అప్పుడే ఒక బూరుగు మొక్క నాటావు. "ఎన్నడు పూస్తదో" అని అమ్మ నవ్వితే, "పూసిననాడే పూస్తది" అన్నావు.

ఈసారి చలి తగ్గగానే అది మొదటిసారి పూసింది. గోరింకలు, కాకులు పొద్దున్నే అక్కడ తేనె తాగి, మన చెట్టు మీదికి వచ్చి వాలేవి. నేను కుట్టుమిషన్ ఆపి వాటిని చూస్తూ నిలబడేదాన్ని. మొన్న కాయలు పగిలాయి. గింజలు ఏరేసి, ఆ దూదితో చిన్న దిండు కుట్టి అమ్మ తల కింద పెట్టాను.

"మెత్తగున్నదా అమ్మా?"

"మీ నాయిన కుట్టినంత లేదు."

సాయంత్రం దిండు గలీబు మారుస్తానని ఎంత చెప్పినా, అమ్మ దాని మీది నుంచి తల ఎత్తలేదు.