పదిహేడో నంబరు మందు

తిరువూరు,
ఆదివారం.

గౌరవనీయులైన శ్రీవల్లి మేడమ్ గారికి,

సైనికుల కోసం మన ల్యాబులో పరీక్షిస్తున్న వైరస్ మందుల్లో పదిహేడో నంబరు ఆరోగ్యమైన కణాలనే చంపుతోందని నేను రాసింది అబద్ధమండి. కిందటి వారం కాక అంతకుముందు శుక్రవారం, అంటే తొమ్మిది రోజుల క్రితం, ఊరి బస్సు తొందరలో దాన్ని పలచన చేయకుండానే కణాలున్న ప్లేటులో పోశాను. సోమవారం చచ్చిన కణాలను చూశాక తెలిసింది. చెప్పలేక నేరం మందు మీదకు నెట్టాను.

ఈ రోజు పక్కింటి సైదాబీ గారు పిలిచారు. ఆమె కొడుకు ఆర్మీలో ఉన్నాడు. "మావాడికి మందు కనిపెట్టేది నువ్వేనంటగా నాయనా! ఇంక జ్వరమొచ్చినా నాకు దిగుల్లేదు. టీ తాగిపో" అన్నారు. తాగి వచ్చాను.

ఫోన్‌లో అయితే మళ్లీ బొంకుతానేమోనని రాస్తున్నాను. నెలాఖరున ఆర్మీ డాక్టర్లకు పనికొచ్చే మందుల జాబితా పంపేలోపు ఆ మందును మళ్లీ పరీక్షించండి. నేను కాదు, నాతో పనిచేసే షహనా చేయాలి. రికార్డులో తప్పును చెరపకుండా గీత కొట్టి, పక్కన కారణం రాసి సంతకం పెట్టాలన్నది మీ నియమం. ఆ గీత మాత్రం నన్నే కొట్టనివ్వండి, అందరి ముందూ.

మీ దగ్గర పనిచేస్తున్న,
టెక్నీషియన్