బెంచీ మీది బట్టతలాయన

సెలూన్ యజమాని గారికి,
మీ షాపు వైఫై వాడుకుని ఎవరో మత్తుబిళ్ళలు అమ్ముతున్నారని పోలీసులు తెలిపారు. వారికి మేము పూర్తిగా సహకరిస్తున్నాం. మీరూ సహకరించగలరు.
ఇట్లు, ఇంటర్నెట్ కంపెనీ, ఫిర్యాదుల విభాగం

కంపెనీ బాబులకు నమస్కారాలు.
బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకండయ్యా! నా షాపులో దొరికే మత్తు ఒక్కటే, తల మర్దనా చేస్తే వచ్చే కునుకు. వైఫై అంటారా, వంతు కోసం కూర్చున్నవాళ్ళు లేచిపోకుండా పెట్టించాను. ఎందుకొచ్చిన గొడవ, పీకేయండి.
ఇట్లు, సెలూన్ వాడు
తా.క. నా అనుమానమంతా ఒక బట్టతలాయన మీదే. వారంగా బెంచీ దిగడు. అడిగితే గడ్డం గీయమంటాడు. దువ్వుకోడానికి నాలుగు వెంట్రుకలు లేనివాడికి రోజూ నా షాపులో ఏం పని? రేపు కత్తి చూపించి అడిగేస్తా.

యజమాని గారికి,
దయచేసి కత్తి చూపించకండి. ఆయన పోలీసు. కనెక్షన్ తీయవద్దన్నదీ ఆయనే. అమ్మేవాణ్ణి అమ్ముతుండగానే పట్టుకోవాలట. ఎవరికీ చెప్పకండి.
ఇట్లు, ఫిర్యాదుల విభాగం
తా.క. రోజూ గీస్తుంటే ఆయనకి చెంపలు మండుతున్నాయట. కాస్త చూసి గీయగలరు.

అయ్యా,
మీ ఉత్తరంతో ప్రాణం లేచొచ్చింది. నా తమ్ముడు మత్తు మాన్పించే ఆస్పత్రి నుంచి మొన్ననే వచ్చాడు. అమ్మ పోయాక నేనే పెంచాను వాణ్ణి. ఇంట్లో ఒంటరిగా వదలాలంటే భయం. పోలీసు ఎదురుగా ఎవడమ్ముతాడు? ఇవాళ్టి నుంచి వాణ్ణి ఆయన పక్కనే కూర్చోబెడుతున్నా.
ఇట్లు, మీ సెలూన్ వాడు
తా.క. ఎవరికైనా చెబితే ఒట్టు. తమ్ముడికి కూడా చెప్పలేదు.

యజమాని గారికి,
మీ సహకారం మరువలేనిది. నిన్న మీరు లేనప్పుడు మీ షాపులోనే అమ్మకం జరిగింది, నిందితుడు దొరికాడు. కొన్న కుర్రవాడు మాత్రం తోపులాటలో సరుకుతో జారుకున్నాడు. నీలం చొక్కా, పోలీసాయన పక్కనే కూర్చునేవాడట. తెలిసినవాడైతే సాక్ష్యానికి పంపగలరు.
ఇట్లు, ఫిర్యాదుల విభాగం
తా.క. మీకు ఈ నెల నెట్ ఉచితం.

కంపెనీ వారికి,
ఆ నీలం చొక్కా నా తమ్ముడు. నేను బ్లేడ్లు తేవడానికి బజారుకెళ్ళినప్పుడు కొన్నాడు. ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడు. నేను గడియ విరగ్గొట్టేసరికే ఒళ్ళు చల్లబడిపోయింది. సాక్ష్యానికి రాలేడు.
బట్టతలాయన వచ్చి ఏడ్చాడు. వాడు డబ్బు తీయడం చూశాడట. "ముందే లేస్తే కేసు నిలవదని ఆగాను అన్నా" అన్నాడు. ఆయన్నేం తిట్టను? మీ మాట విని నోరు మూసుకున్నది నేను. ఆయన పోలీసని ఒక్క ముక్క చెప్పుంటే వాడు ఆ బెంచీ ఎక్కేవాడు కాదేమో.
ఇట్లు, వాడి అన్న
తా.క. కేసు చాలా గట్టిగా ఉందట.