గుడ్లగూబ పచ్చబొట్టు సంగతి

ఫిదెన్సియో మామయ్యకి,

ఫోన్లో అయితే మాట పూర్తి కాకుండానే అరుస్తావని ఉత్తరం రాస్తున్నాను. నాకు సీటొచ్చింది! ఈ ఊరి రెండేళ్ళ కాలేజీ అయిపోయింది, ఆగస్టులో పెద్ద యూనివర్సిటీలో, నేరుగా మూడో సంవత్సరంలో చేరుతున్నాను. ఇప్పుడు కాస్త కూర్చో.

అది గుడ్లగూబ బొమ్మ గుర్తుగా ఉన్న యూనివర్సిటీ కాదు.

వాళ్ళూ రమ్మన్నారు. కానీ నేను పాసైన సబ్జెక్టుల్లో సగం అక్కడ చెల్లవట, మళ్ళీ చదవాలట. గుర్రం బొమ్మ వాళ్ళు అన్నీ ఒప్పుకున్నారు. నేను గుర్రానికే సరేనన్నాను.

మేనకోడలు దరఖాస్తు పెట్టగానే లోకంలో మామయ్యలందరూ ఆ యూనివర్సిటీ బొమ్మ ఉన్న టోపీ కొనుక్కుంటారు. నువ్వు మాత్రం చేతి నిండా గుడ్లగూబను పచ్చబొట్టు పొడిపించుకున్నావు. "చదవబోయేది పిల్లయితే పొడిపించుకున్నది నువ్వా?" అని ఒఫెలియా అత్తయ్య తిట్టింది. "చావు కబురు తెచ్చే పిట్టను నా ఇంట్లోకి తెస్తావురా!" అని అమ్మమ్మ నిన్ను గుమ్మం బయటే నిలబెట్టి, మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించిన తమాలే పొట్లాలు కిటికీలోంచి అందించింది. అదంతా నా కోసమే పడ్డావు. అందుకే ఇన్నాళ్ళూ చెప్పడానికి నోరు రాలేదు.

పచ్చబొట్లు వేసేవాణ్ణి అడిగాను. "గుడ్లగూబను గుర్రం చెయ్యలేనమ్మా. కావాలంటే వీపు మీద జీను వేస్తాను" అన్నాడు.

వద్దులే, ఉన్నది ఉండనీ. గుర్రమైతే తనకేం అభ్యంతరం లేదంటోంది అమ్మమ్మ.

చేరే రోజు నువ్వే నీ ట్రక్కులో నన్ను దింపాలి. ఆగస్టులో మన లోయ ఎండ నాకూ తెలుసు. అయినా సరే, పొడుగు చేతుల చొక్కా వేసుకుని రా.

నీ మేనకోడలు