పింఛను రోజు కర్రలు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. "మంచిగనే నడుస్తడు, గీయనకెందుకు పింఛను?" అని పక్కింటి బాలమణి అత్త లైన్లో అన్నప్పటి నుంచి, పింఛను రోజున నువ్వు పెట్టుడు కాలు ఇంట్లో వదిలి చంకకర్రలతో వెళ్లేవాడివి.

పొద్దున అత్త వచ్చి ఆ కర్రలే అడిగింది. షుగరుతో పాదం తీసేసిన మామకు మొన్న సికింద్రాబాద్‌లో పెట్టుడు పాదం అమర్చారు. చక్కగా నడుస్తున్నాడు.

"పాదం పెట్టుకొని పోయినా పింఛను ఆపరత్తా. రూల్స్ నేను చదివిన."

"నువ్వు చదివినవ్ బిడ్డా. లైన్ల నిలబడేటోళ్లు చదవలే గద. అందరు నా లెక్క సూసేటోళ్లే."

కర్రలు తెచ్చిచ్చాను. పాత దుప్పటిలో చుట్టి ఇమ్మంది. గుమ్మం దాటేముందు, ఎవరైనా చూస్తున్నారేమోనని, నీలాగే వీధి అటూ ఇటూ చూసింది.