నీ తాడు కోసేశాను

సలీం అన్నా,

నువ్వు జబ్బుతో పోయి ఇవాళ్టికి మూడేళ్లు. పొద్దున నీ బిడ్డ షబానా సుబేదారిలో మా ఇంటికొచ్చింది. కొండలెక్కడం నేర్చుకుంటానని, మనం కట్టుకుని ఎక్కిన నీ తాడు ఇమ్మని అడిగింది. దాన్ని ఏటా ఉత్త చల్లనీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టి దాచాను. ఇవాళ వేళ్లతో పొడుగునా తడిమి చూస్తే ఒకచోట మెత్తగా తగిలింది. లోపలి పోగులు దెబ్బతిన్నాయి.

"అబ్బాది కదా చాచా, జర పైలంగ ఎక్కుత," అంది.

"వద్దు బిడ్డా. జారితే ఇది తెగుతది."

ఇంకెవరూ వాడకుండా ఆమె ముందే ముక్కలుగా కోశాను. తర్వాత ఇద్దరం ఫోన్లో కొత్త తాడు వెతికాం. పడితే సాగి, కుదుపు తగ్గించేదే ఆర్డర్ పెట్టాం.

నాకిప్పుడు ఎక్కే ఓపిక లేదన్నా. కింద నిలబడి ఆమె తాడు పట్టుకుంటానని మాత్రం మాటిచ్చాను.