ఎనిమిది లేని సంఖ్య

మంగళవారం, రాత్రి

సాయంత్రం నేలమీద సుద్దముక్కతో 12345679 రాసి, తొమ్మిదితో గుణిస్తే అన్నీ ఒకట్లే వస్తాయని బాపుకు చూపించబోయాను. మగ్గాల మనిషి కదా, ముందు లోపమే కనబడింది.

"ఎనిమిదేదే? నడుమ పోగు తెగింది గదా!" అంటూ తానే ఎనిమిదిని ఇరికించాడు. గుణించాను. ఒకట్ల మధ్య సున్నా వచ్చింది.

"గిదేంది బిడ్డా, అతికితే బట్టల సందు పడ్డది?"

"అది లేకుంటేనే నేత కుదురుతది బాపూ."

అన్న ఈ సూరత్ వదిలి దగ్గర్లోని కామ్‌రేజ్‌లో వేరు కాపురం పెట్టాకే ఇంట్లో బాపుకూ అన్నకూ మధ్య అరుపులు ఆగాయి. ఇప్పుడు ఇద్దరూ ఫోన్లో నవ్వుకుంటున్నారు కూడా. అయినా ఆదివారం వెళ్లి అన్నను వెనక్కి తెస్తానని బాపు పట్టు. నేను లెక్క గురించే అన్నానా? ఏమో.

బాపు బొటనవేలితో ఎనిమిదిని మెల్లగా తుడిచాడు. ఆదివారం కామ్‌రేజ్ వెళ్లే మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.